కల్కి 2898 ఏడీ: 71 ఏళ్ల అమ్మను ఏ షోకి, ఎలాంటి హాలుకి తీసుకెళ్లాలి?

వేణు_బోడుప్పల్
2024 జూన్ 25, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఎల్లుండి గురువారం కల్కి విడుదల. మా అమ్మకి 71 ఏళ్లు, తెలుగు టీచరుగా చేసి రిటైరయింది. సినిమా హాలుకి వెళ్లి పదేళ్లు దాటింది. మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేదు. ఏప్రిల్‌లో అమితాబ్ టీజర్ వచ్చింది కదా, గుహలాంటి శివాలయంలో ఒళ్లంతా గుడ్డ పేలికలతో కూర్చుని, నేను ద్రోణుడి కొడుకు అశ్వత్థామని అని చెప్పుకుంటాడు. అది చూసినప్పటి నుంచి ఒకటే అడుగుతోంది: "ఏరా, భారతంలో సౌప్తిక పర్వం కూడా తీశారా? ఎలా తీశారో చూడాలి."

అమ్మ తనంతట తాను సినిమాకి వెళ్దామని అనడం నాన్న పోయాక ఇదే మొదటిసారి. అందుకే పాడుచేయదలచుకోలేదు. నాకు తెలియాల్సినవి ఇవి. 3డి చూపించాలా, 2డి చాలా? మొదటి వారమే వెళ్లాలా, ఆగాలా? మూడు గంటల సినిమా అంటున్నారు, కూర్చోగలదా? భవిష్యత్తు, మిషన్లు, గ్రాఫిక్స్ ఇవన్నీ ఆవిడకి అర్థమవుతాయా? హాళ్ల గురించి తెలిసినవాళ్లు, చూసొచ్చినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

తెనాలి_ప్రొజెక్టర్
జూన్ 25, రాత్రి 10:25

వేణు గారూ, మాది మా నాన్నగారి కాలం నుంచీ హాలు వ్యాపారం. మా హాలుకి జనం రావాలనే నాకూ ఉంటుంది, అయినా మీకు ఉన్నమాటే చెప్తాను. అమ్మగారిని మొదటి నాలుగు రోజులు తీసుకురావద్దు. గురువారం నుంచి ఆదివారం దాకా అభిమానులదే రాజ్యం. కాగితాలు విసురుతారు, ఈలలు వేస్తారు, హీరో వచ్చినప్పుడు లేచి నిలబడతారు. వాళ్ల ఆనందం వాళ్లది, నాకూ ఇష్టమే. కానీ మాట మాటా వినాలని వచ్చే పెద్దావిడకి అది సుఖంగా ఉండదు.

3డి సంగతి. 2డి సినిమాకి తెర మీద పడాల్సిన వెలుతురు 14 ఫుట్‌లాంబర్ట్‌లు అని లెక్క. 3డిలో ప్రొజెక్టర్ ముందున్న ఫిల్టరూ, కళ్లద్దాలూ కలిసి అందులో చాలా భాగం తినేస్తాయి. చివరికి కంటికి చేరేది 4 లేదా 5. ల్యాంపు పాతబడిన హాల్లో ఇంకా తగ్గుతుంది. ఈ సినిమా ట్రైలర్ చూస్తే సగం చీకట్లోనూ దుమ్ములోనూ జరిగేలా ఉంది. పైగా ఆవిడకి కళ్లజోడు ఉంటే దాని మీద ఇంకో కళ్లజోడు, మూడు గంటలు. నా మాట విని 2డి చూపించండి.

ఇంకొకటి. టికెట్ కొనేముందు ఆ హాలుకి లిఫ్ట్ ఉందో లేదో, లిఫ్ట్ దిగాక లోపల ఎన్ని మెట్లో ఫోన్ చేసి కనుక్కోండి. చాలాచోట్ల లిఫ్ట్ తలుపు దాకానే ఉంటుంది. మంచి సీట్లన్నీ చీకట్లో పాతిక మెట్లు ఎక్కాక వస్తాయి. వెనక తలుపు నుంచి నేరుగా పై వరుసలోకి వెళ్లే హాలు చూసుకోండి.

గోదారి_గట్టు
జూన్ 25, రాత్రి 10:50

అన్నీ బాగానే ఉన్నాయి కానీ రేట్ల మాట ఎవరూ ఎత్తరేం? మా ఆంధ్రాలో రెండు వారాలు సింగిల్ స్క్రీన్‌లో టికెట్ మీద 75, మల్టీప్లెక్స్‌లో 125 పెంచుకోవచ్చని అనుమతి ఇచ్చారు. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో 413 అట. నలుగురున్న ఇంట్లో టికెట్లు, బండి పార్కింగ్, పిల్లలకి పాప్‌కార్న్ కలిపితే రెండు వేలు పైమాటే. నాకు ప్రభాస్ అంటే ప్రాణం. అయినా బాధగా ఉంది. మా ఇంటి పనిమనిషి కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, అతనూ నాలాంటి అభిమానే. మొదటి వారం వాడు ఎలా చూస్తాడు?

తెనాలి_ప్రొజెక్టర్
జూన్ 25, రాత్రి 11:15

మీ బాధ న్యాయమైనదే తమ్ముడూ. మా పరిస్థితి కూడా విను. ఈ ఎండాకాలం ఎన్నికలు, ఐపీఎల్ కలిసి హాళ్లను ఎండబెట్టాయి. తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు మే 17 నుంచి పది రోజులు ఆటలే ఆపేశాయి. ఏసీ వేస్తే కరెంటు బిల్లు కూడా రాని రోజులు చూశాం. కల్కి అసలు జనవరి 12 అన్నారు, తర్వాత మే 9 అన్నారు, ఎన్నికల వల్ల అదీ పోయింది. ఆరు నెలలుగా దీనికోసం కాచుకుని కూర్చున్నాం. పెంచిన డబ్బంతా మా హాలువాళ్ల జేబులోకి రాదు. దాని వెనక డిస్ట్రిబ్యూటర్ ఉంటాడు, వాడు కట్టిన అడ్వాన్సు ఉంటుంది, వందల కోట్లు పెట్టిన నిర్మాత ఉంటాడు.

అయినా మీరన్నది నేను ఒప్పుకుంటాను. ఇంటర్ కుర్రాడికి మొదటి వారం అందని సినిమా మా హాలుకి మంచిది కాదు. వాడే రేపు నలభై ఏళ్లు మాకు ప్రేక్షకుడు.

వేణు గారూ, ఇది మీకూ పనికొస్తుంది. తెలంగాణలో పెంపు ఎనిమిది రోజులే, జూలై 4 దాకా. ఆ తర్వాత రేటూ తగ్గుతుంది, రద్దీ కూడా తగ్గుతుంది.

పాతతరం_1958
జూన్ 26, ఉదయం 6:10

వేణు బాబూ, మీ అమ్మగారికి అర్థమవుతుందా అని అడిగావు. ఆవిడ నాకంటే అయిదారేళ్లు పెద్ద. మా తరం 1991లోనే ఆదిత్య 369 చూసింది నాయనా. టైం మిషన్ ఎక్కి కృష్ణదేవరాయల కొలువుకీ వెళ్లాం, 2504కీ వెళ్లాం. ఆ రోజు మా పక్క సీట్లో ఒక రైతు, చదువు పెద్దగా లేనట్టుంది, భూమి పైన బతకలేక మనుషులు నేల కింద బతుకుతున్నారని చూపించగానే "ఔను, ఇట్లాగే నరుక్కుంటూ పోతే అంతే" అన్నాడు. అర్థం కాకపోవడమేంటి!

ఆ సినిమా తీసిన సింగీతం శ్రీనివాసరావు గారినే దర్శకుడు నాగ్ అశ్విన్ ఈ కల్కికి మార్గదర్శకుడిగా పెట్టుకున్నాడు. ఈ సినిమా నిర్మించిన వైజయంతీ మూవీస్ వారికి ఇది యాభయ్యో ఏడు. ఆ బ్యానర్‌కి పేరు పెట్టింది ఎన్టీఆరే. శ్రీకృష్ణుడి మెడలో మాల పేరు అది. అలాంటి సంస్థ కృష్ణుడి శాపంతో మొదలయ్యే కథ తీసిందంటే నాకు లోపల ఏదో కదిలింది. నిర్భయంగా తీసుకెళ్లు.

అనంతపురం_రవి
జూన్ 26, ఉదయం 9:30

టికెట్ కొనేటప్పుడు సినిమా పేరు పూర్తిగా చదవండి. మొన్న ఆదివారం బుకింగ్‌లు తెరిచినప్పుడు 2019లో వచ్చిన రాజశేఖర్ గారి కల్కి పేరు మీద షోలు కనిపించాయి. తొందరలో జనం అవే కొనేశారు, హౌస్‌ఫుల్ అయ్యాయి. నాకు తెలిసిన ఇద్దరు అలా కొన్నారు, రాత్రంతా ఒకటే టెన్షన్. తర్వాత అవన్నీ ఈ సినిమాకే చెల్లుతాయని చెప్పారు కాబట్టి సరిపోయింది.

మౌనిక_ఫ్రేమ్స్
జూన్ 26, మధ్యాహ్నం 1:20

నేను హైదరాబాద్‌లో వీఎఫ్‌ఎక్స్‌లో పని చేస్తాను. ఈ సినిమాకి కాదు, వేరే సినిమాలకి. అయినా మా ఆఫీసులో ఈ వారం అందరిదీ ఒకటే మాట. ఇది ఆడితే తెలుగులో ఇలాంటి కథలకి ఇంకో పదిమంది నిర్మాతలు ముందుకొస్తారు, లేకపోతే మళ్లీ చాలా ఏళ్లు ఎవరూ ముట్టుకోరు.

ఒక్క విషయం గమనించండి. బుజ్జి అనే ఆ బండిని కంప్యూటర్‌లో గీసి వదిలేయలేదు. మహీంద్రా వాళ్లు, కోయంబత్తూరులోని జయం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి నిజంగా తయారుచేశారు. దాదాపు ఆరు టన్నులు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక ఒకటి. మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో నడిపించి చూపించారు కూడా. దాని వల్ల మాలాంటివాళ్లకి ఏం లాభమంటే, ఎండ ఆ ఇనుము మీద ఎలా పడుతుందో, చక్రం ఎంత దుమ్ము లేపుతుందో కెమెరాకి నిజంగానే దొరుకుతుంది. దాని చుట్టూ మిగతా లోకాన్ని మేము కలుపుతాం. మొత్తం శూన్యం నుంచి కట్టిన షాట్‌లో బరువు తేలిపోతుంది. చూసేవాడికి కారణం తెలియదు కానీ బొమ్మలా ఉందని మాత్రం తెలిసిపోతుంది.

దయచేసి ఫోన్లో తీసిన ముక్కలు చూసి గ్రాఫిక్స్ బాగాలేవని తీర్పు చెప్పకండి. వెళ్లి తెర మీద చూడండి. వేల మంది రాత్రిళ్లు మేలుకుని చేసిన పని అది.

డల్లాస్_శ్రీను
జూన్ 27, ఉదయం 8:10 (ఇండియా టైం)

ఇప్పుడే ప్రీమియర్ చూసి పార్కింగ్‌లో కారులో కూర్చుని రాస్తున్నాను. కథ చెప్పను. ఇక్కడ బుధవారం సాయంత్రం, పని రోజు. అయినా హాలు నిండా తెలుగువాళ్లే. పట్టుచీర కట్టుకొచ్చిన అత్తయ్యలు ఉన్నారు, స్కూల్ టీషర్టులో వచ్చిన పిల్లలు ఉన్నారు. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఇక్కడే పుట్టాడు. వాడికి అశ్వత్థామ ఎవరో తెలియదు, బుజ్జి కోసం వచ్చాడు. బయటికి వచ్చాక బుజ్జి మాట ఎత్తలేదు. "నాన్నా, ఆ తాతకి ఎందుకు అంత పెద్ద శిక్ష?" అని అడిగాడు. ఏం చెప్పాలో నాకే సరిగ్గా గుర్తు లేదు. పాతతరం గారూ, మీరు కొంచెం వివరంగా రాయరా?

వేణు గారూ, ఒక్కటి చెప్తాను. అమితాబ్ కోసమైనా అమ్మగారిని తీసుకెళ్లండి. ఎనభై దాటిన మనిషి, తెర మీద నిలబడితే మిగతా అందరూ చిన్నగా కనిపించారు.

నల్లకుంట_సాయి
జూన్ 27, ఉదయం 9:35

ఐదున్నర బెనిఫిట్ షో, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. రాత్రి నిద్ర లేదు. నాలుగింటికే వచ్చాం. టికెట్ మీద 200 ఎక్కువ పెట్టాం, నాకు బాధ లేదు. డప్పులు, కటౌట్‌కి పూలదండ, తెల్లారేసరికి రోడ్డు మొత్తం జనం.

ఇప్పుడు సినిమా. మొదటి పది నిమిషాలు కురుక్షేత్రం, నోరు తెరుచుకుని చూశాం. తర్వాత కాశీ. ఆ ఊరిని కట్టిన తీరు చూడాలి. ఆకాశంలో తలకిందుల పిరమిడ్‌లా కాంప్లెక్స్ వేలాడుతుంటుంది. నీళ్లు, చెట్లు, తిండి అన్నీ పైన. కింద మనుషులు యూనిట్ల కోసం, అంటే అక్కడి డబ్బు కోసం, కొట్టుకుంటారు. ప్రభాస్ అన్న వచ్చేసరికి టైం పట్టింది. వచ్చాక కూడా కామెడీ కొంచెం సాగింది. ఇది అభిమానిగా కష్టపడి ఒప్పుకుంటున్నాను. ఇంటర్వెల్ నుంచి మాత్రం ఇంకో సినిమా. చివరి పది నిమిషాలు నేను ఏమీ చెప్పను. హాల్లో పక్కన తెలియని అన్న నన్ను పట్టుకుని ఏడ్చాడు. అంతే చెప్తాను.

గోదారి_గట్టు
జూన్ 28, ఉదయం 11:00

చూశాను. పనిమనిషి కొడుకుని కూడా తీసుకెళ్లాను. వాడికీ నాకూ ఒకేచోట ఇబ్బంది అనిపించింది. మొదటి సగంలో పాత్రలు వస్తాయి, పేరు తెలిసేలోపే వెళ్లిపోతాయి. దుల్కర్, రాజమౌళి, రాంగోపాల్ వర్మ, ఇలా ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా హాల్లో కేకలు. కేకల్లో తర్వాతి మాట వినపడదు. లోకం కొత్తది, దాని లెక్కలు మనకి తెలియాలి. గర్భిణుల నుంచి తీసే ఆ ద్రవం ఎందుకు, యాస్కిన్ ఎన్నేళ్లుగా అక్కడ ఉన్నాడు, ఇవి చెప్పే సమయంలో అతిథులకి చోటిచ్చారు. యాస్కిన్‌గా కమల్ హాసన్ కనిపించేది కొన్ని నిమిషాలే, అయినా ఆ మనిషి చర్మం, గొంతు, చూపు అన్నీ వెంటాడుతున్నాయి. రెండో భాగంలో ఆయనదే అసలు కథ అయ్యేలా ఉంది.

అయినా ఒక మాట. మన ఊళ్ల పేర్లు, మన నదులు, మన పురాణం పెట్టుకుని రాబోయే కాలాన్ని ఊహించడం నాకు గర్వంగా ఉంది. అక్కడక్కడా విదేశీ సినిమాలు గుర్తొచ్చాయి, కాదనను. కాశీ గల్లీలో దుమ్ములో తిరిగే ఆ జనం మాత్రం మనవాళ్లే.

మోడరేటర్
జూన్ 28, ఉదయం 11:30

ఇక్కడి నుంచి కథలోని రహస్యాలు రాసుకోవచ్చు. చూడనివాళ్లు ఇక్కడే ఆగండి. పైరసీ లింకులు పెడితే ఖాతా మూసేస్తాం. ఇప్పటికే రెండు తీసేశాం.

అనంతపురం_రవి
జూన్ 28, రాత్రి 8:15

2898 అనే అంకె ఎందుకో గమనించారా? మన పంచాంగం లెక్కలో కలియుగం మొదలైంది క్రీస్తుపూర్వం 3102. దానికి 2898 కలిపితే సరిగ్గా 6000. దర్శకుడు కూడా ఇంచుమించు ఇదే లెక్క చెప్పాడు, కథ ఆరు వేల ఏళ్ల దూరం నడుస్తుందని.

కథానాయిక పేరు సుమతి అని పెట్టడం కూడా ఊరికే కాదు. కల్కి పురాణంలో కల్కి తల్లి పేరు సుమతి, తండ్రి విష్ణుయశుడు, ఊరు శంబల. సినిమాలో ఆమెకి మొదట ఒక నంబరే ఉంటుంది, ల్యాబులో అందరినీ అలాగే పిలుస్తారు. ఆ నంబరు పోయి పేరు వచ్చే చోట నాకు కళ్లు చెమర్చాయి.

నాకు మింగుడుపడనిది ఒకటి ఉంది. కలియుగం 4,32,000 ఏళ్లు అంటారు. కల్కి రావాల్సింది దాని చివర. ఇక్కడ ఆరు వేలకే తెచ్చేశారు.

పాతతరం_1958
జూన్ 29, ఉదయం 6:30

రవీ, నీ లెక్క సరే, ఇంకోటి విను. సంస్కృత భారతంలో కృష్ణుడు అశ్వత్థామకి ఇచ్చిన శాపం మూడు వేల ఏళ్లే. ఒళ్లంతా చీమూ నెత్తురుతో, పలకరించే దిక్కు లేక అడవుల్లో తిరగమన్నాడు. కలియుగం చివరి దాకా అన్నది జనం నోట్లో పెరిగిన మాట. చిరంజీవులు ఏడుగురిలో అశ్వత్థామ పేరే మొదట చదువుతాం కాబట్టి అది మనకి సహజంగా అనిపిస్తుంది.

డల్లాస్ శ్రీనుకి: మీ అబ్బాయికి ఇలా చెప్పు. యుద్ధం అయిపోయాక రాత్రిపూట పాండవుల శిబిరంలో జొరబడి, నిద్రపోతున్న ద్రౌపది కొడుకులు అయిదుగురినీ చంపాడు. పట్టుబడే సమయానికి బ్రహ్మశిరోనామకాస్త్రం వేశాడు. వెనక్కి తీసుకోవడం చేతకాక, దాన్ని ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీదికి మళ్లించాడు. ఆ బిడ్డే పరీక్షిత్తు. కృష్ణుడు బతికించాడు. శిక్ష అందుకు.

నల్లకుంట_సాయి
జూన్ 29, సాయంత్రం 5:00

ఇవాళ రాత్రి 8కి టీ20 వరల్డ్ కప్ ఫైనల్. సెకండ్ షో టికెట్లు ఎక్కడ చూసినా దొరుకుతున్నాయి. ప్రశాంతంగా చూడాలనుకునేవాళ్లకి ఇదే అవకాశం.

తెనాలి_ప్రొజెక్టర్
జూన్ 30, ఉదయం 10:40

సాయి చెప్పినట్టే అయింది. రాత్రి ఆటకి బాల్కనీ సగం ఖాళీ. వచ్చినవాళ్లలో కొందరు ఫోన్లో స్కోరు చూసుకుంటూ కూర్చున్నారు. ఇండియా 7 పరుగులతో గెలిచిందని తెలియగానే క్లైమాక్స్ మధ్యలో ఒకటే అరుపులు. ఎవరినీ ఏమీ అనలేకపోయాను, నేనూ ప్రొజెక్టర్ గదిలో అరిచాను. ఆదివారం ఉదయం ఆటకి మళ్లీ హౌస్‌ఫుల్ బోర్డు పెట్టాం. ఆ బోర్డు మీద దుమ్ము తుడిచి చాలా రోజులైంది.

మొదటి రోజు ప్రపంచవ్యాప్తంగా 191.5 కోట్ల గ్రాస్ అని నిర్మాతలు పోస్టర్ వేశారు. నాకు మాత్రం ఆ అంకెకన్నా మా సైకిల్ స్టాండ్ నిండటమే ఎక్కువ సంతోషం.

వేణు_బోడుప్పల్
జూలై 10, రాత్రి 10:05

ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి. మీ మాట ప్రకారమే ఇన్నాళ్లూ ఆగాను. ఇవాళ బుధవారం మ్యాట్నీకి అమ్మనీ, తొమ్మిదో తరగతి చదివే మా పాపనీ తీసుకెళ్లాను. 2డి, లిఫ్ట్ ఉన్న హాలు, వెనక తలుపు నుంచి నేరుగా పై వరుస. మూడే మెట్లు. తెనాలి అన్నా, ఆ మెట్ల సంగతి మీరు చెప్పకపోతే నాకు తట్టేదే కాదు. టికెట్ 295. హాల్లో నలభై మంది కూడా లేరు.

కురుక్షేత్రం రాగానే అమ్మ ముందుకి వంగి కూర్చుంది. కృష్ణుడి ముఖం చూపించకుండా నీడలోనే ఉంచారు కదా, అది ఆవిడకి బాగా నచ్చింది. "మంచి పని చేశారు. మాకు కృష్ణుడంటే రామారావే. వేరే ముఖం పెడితే ఇక్కడే లేచిపోయేదాన్ని" అంది.

తర్వాత కాశీ. నాన్న అస్థికలు మేము కలిపింది అక్కడే. ఈ సినిమాలో గంగ లేదు. ఎండిపోయిన ఇసుక, మెట్లు, వాటి కింద ఏమీ లేదు. నాకు ఆ సంగతి ముందే తెలుసు, అమ్మకి చెప్పాలని తోచలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. ఇంటర్వెల్‌లో కాఫీ తాగుతూ, "గంగ ఎండిపోతే చనిపోయినవాళ్లని ఎక్కడ కలుపుతార్రా?" అని అడిగింది. నేను సమాధానం చెప్పలేకపోయాను. ఇన్ని రోజులుగా ఎంత మంది ఈ సినిమా గురించి రాశారు, ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

మొదటి సగంలో ప్రభాస్ వేసిన భైరవ పాత్ర కాంప్లెక్స్‌లోకి వెళ్లే భాగం దగ్గర ఒక పావుగంట కునుకు తీసింది. గోదారి_గట్టు గారు రాసింది నిజమే, అక్కడ కథ ఆగిపోయింది. బుజ్జి మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాక లేచి, "ఈ గొంతు సావిత్రిగా వేసిన అమ్మాయిది కదూ?" అంది. కీర్తి సురేశే. మహానటి కూడా ఈ దర్శకుడిదేనని చెప్తే, అందుకేనా అని తల ఊపింది. సుమతి మంటల్లోంచి నడిచి వచ్చేచోట రెండు చేతులూ జోడించింది. పోరాటాలప్పుడు చెవుల్లో దూది పెట్టుకుంది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు దూది మరిచిపోకండి, శాలువా కూడా.

చివర్లో భైరవే కర్ణుడని తెలిసినప్పుడు హాలంతా చప్పట్లు. పాప ఎగిరి గంతేసింది. అమ్మ మాత్రం ముఖం చిట్లించింది. కారెక్కాక మొదలుపెట్టింది. "కర్ణుడంటే అశ్వత్థామకి అంత గౌరవమా? విరాటపర్వంలో ఉత్తర గోగ్రహణం దగ్గర కర్ణుడు గొప్పలు చెప్పుకుంటుంటే అశ్వత్థామ మొహం మీదే దులిపేస్తాడు. ద్రోణపర్వంలో కర్ణుడు కృపాచార్యుణ్ణి తిడితే కత్తి దూసి మీదికి వెళ్తాడు. వాళ్లిద్దరికీ ఎప్పుడు పడింది?" నేను నవ్వి ఊరుకున్నాను, పాప ఊరుకోలేదు. అశ్వత్థామ మంచివాడా చెడ్డవాడా అని పట్టుకుంది.

దానికి అమ్మ చెప్పిన మాట మీ అందరికీ చెప్పాలనే ఈ రాత్రి కూర్చుని రాస్తున్నాను. "పడుకున్న పిల్లల్ని చంపినవాడు మంచివాడెలా అవుతాడమ్మా? సినిమావాళ్లు ఆ పాపాన్ని కొంచెం కప్పిపెట్టారు, అది నాకు నచ్చలేదు. కానీ భారతంలో కృష్ణుడి శాపానికి ఒక పనంటూ లేదు. తిరుగు, కుళ్లు, అంతే. వీళ్లు దానికి ఒక పని పెట్టారు. ఒక తల్లి కడుపు మీద అస్త్రం వేసినవాడు, ఆరు వేల ఏళ్లు ఆగి ఇంకో తల్లి కడుపుకి కాపలా కాయాలి. వాడికి తగిన శిక్ష అదే. ఇది ఎవరు ఆలోచించారో గానీ, భారతం బాగా చదివినవాళ్లే అయ్యుంటారు."

ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా బీరువాలోంచి తిక్కన భారతం తీసింది. సౌప్తిక పర్వం ఇద్దరూ ఇప్పుడు చదువుతున్నారు. పక్క గదిలోంచి పద్యం వినపడుతోంది. పాప మధ్యలో ఆపి అర్థం అడుగుతోంది.

మౌనిక_ఫ్రేమ్స్
జూలై 10, రాత్రి 10:50

వేణు గారూ, గంగ గురించి అమ్మగారు అన్నమాట మా టీం గ్రూప్‌లో పెట్టాను. ఆ ఎండిపోయిన ఘాట్‌లాంటి షాట్ చేసేటప్పుడు మేము చూసేది ఇసుక రేణువులు, పొగమంచు, మెట్ల మీద నీడ. ఒక్కో షాట్‌కి నెలలు పడుతుంది. అక్కడ ఎవరి నాన్న అస్థికలో కలిసి ఉంటాయని మాకు తట్టదు. ఇకమీద తడుతుంది.

పాతతరం_1958
జూలై 11, ఉదయం 6:05

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు బాబూ. శాపానికి ఒక పని పెట్టారన్న మాట నాకు ఇన్ని రోజులుగా నోటికి రాలేదు. మూడు వేలా ఆరు వేలా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. కర్ణుడి విషయంలో కూడా ఆవిడదే ఒప్పు. రెండో భాగం తీసేటప్పుడైనా గోగ్రహణం ఒకసారి తిరగేస్తే బాగుంటుంది.

డల్లాస్_శ్రీను
జూలై 11, ఉదయం 8:20

మా అబ్బాయికి మీ అమ్మగారి మాట చదివి వినిపించాను. "సో, హీ ఈజ్ పేయింగ్ బ్యాక్" అన్నాడు. తెలుగులో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి, "అప్పు తీరుస్తున్నాడు" అన్నాడు.

గోదారి_గట్టు
జూలై 14, ఉదయం 9:10

వెయ్యి కోట్లు దాటిందని పోస్టర్ వచ్చింది. మా ఊళ్లో పెంచిన రేట్లు పోయి మామూలు రేట్లొచ్చాయి. మా కుర్రాడు సొంత డబ్బుతో రెండోసారి చూసొచ్చాడు, నేల టికెట్.

వేణు_బోడుప్పల్
జూలై 14, రాత్రి 9:00

తెనాలి అన్నా, ఒక సాయం కావాలి. మా పిన్ని తెనాలిలోనే ఉంటుంది, అమ్మకన్నా రెండేళ్లు చిన్న. ఫోన్లో అమ్మ కథంతా చెప్పేసరికి తనూ చూస్తానంటోంది. అమ్మ కూడా మళ్లీ చూస్తానంటోంది. శుక్రవారం తెనాలి వస్తున్నాం. మీ హాల్లో ఇంకా ఆడుతోందా? మెట్లు ఎన్ని?

తెనాలి_ప్రొజెక్టర్
జూలై 14, రాత్రి 9:25

ఆడుతోంది, రోజుకి రెండు ఆటలు. మాకు లిఫ్ట్ లేదు, బాల్కనీకి ఇరవై రెండు మెట్లు. కాబట్టి పైకి వద్దు. కింద వెనక వరుసలో పక్క తలుపు దగ్గర నాలుగు కుర్చీలు వేయిస్తాను, ఒక్క మెట్టు కూడా ఉండదు. శనివారం మ్యాట్నీకి రండి. సౌండ్ ఫేడర్ రెండు పాయింట్లు తగ్గించి పెడతాను, దూది అక్కర్లేదు. కాఫీ మా ఇంటి నుంచి వస్తుంది. అమ్మగారికి చక్కెర వేయొచ్చో లేదో చెప్పండి.